టీవీ బాక్స్ గేమింగ్ కన్సోల్ కాగలదా? చిప్ సిద్ధమే, లోటు మరోచోట

ఖరగ్‌పూర్ (పశ్చిమ బెంగాల్): టీవీకి అమర్చుకొనే చిన్న స్ట్రీమింగ్ బాక్స్ మూడు నాలుగు వేల రూపాయలకు దొరుకుతుంది. గేమింగ్ కన్సోల్ కొనాలంటే అందుకు పది రెట్లకు పైగా వెచ్చించాలి. షావొమీ సంస్థ 2020 మే నెలలో భారత విపణిలోకి తెచ్చిన ఎంఐ బాక్స్ 4కె అప్పటి ధర రూ.3,499. 2021 ఫిబ్రవరి 2న దేశంలో విడుదలైన సోనీ ప్లేస్టేషన్ 5 అప్పటి ధర, డిస్క్ డ్రైవ్ ఉన్న రకానికి, రూ.49,990. రెండూ టీవీకి హెచ్‌డీఎంఐ ద్వారానే కలుస్తాయి. రెండింటిలోనూ ప్రాసెసర్, మెమరీ, ఇంటర్నెట్ అనుసంధానం, ఆటలు దింపుకొనే దుకాణం ఉంటాయి. అటువంటప్పుడు చవకైన బాక్సే కన్సోల్ పని కూడా ఎందుకు చేయకూడదన్న ప్రశ్న దశాబ్దానికి పైగా వినిపిస్తోంది.

ఖరగ్‌పూర్ ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న ప్రేమ్ బజార్ పరిసరాలకు ఈ ప్రశ్నతో రెండు విధాల సంబంధం ఉంది. మొదటిది కొనుగోలుదారుల కోణం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాల కోసం తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ రైల్వే పట్టణంలో పెద్దసంఖ్యలో ఉన్నాయి. తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా కల్పించాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించినప్పుడు ప్రధానంగా ప్రస్తావనకు వచ్చినది ఖరగ్‌పూరే. తెలుగు సినిమాలు, కార్యక్రమాలు చూసేందుకు ఇటువంటి కుటుంబాలకు స్ట్రీమింగ్ బాక్స్ ఎంతో అనువైన సాధనం. పిల్లల ఆటల ముచ్చట కూడా దానితోనే తీరితే ఇంటి బడ్జెట్‌లో 46 వేల రూపాయలకు పైగా మిగులుతాయి.

రెండోది పరిశ్రమ కోణం. ఖరగ్‌పూర్ ఐఐటీలో 1993లో మెటలర్జికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసిన సుందర్ పిచాయ్, గూగుల్‌లో ఉన్నత బాధ్యతలు చేపట్టిన తర్వాత టీవీ తెరను ఆటల వేదికగా మార్చే ప్రయత్నాలు పలుమార్లు జరిగాయి. 2013 జూలైలో 35 డాలర్ల క్రోమ్‌కాస్ట్, 2014లో ఆండ్రాయిడ్ టీవీ, 2019లో స్టేడియా ఆ వరుసలోనివే. ఈ ప్రయత్నాలు ఎక్కడివరకు వచ్చి ఆగాయో గమనిస్తే అసలు ప్రశ్నకు సమాధానం చాలావరకు దొరుకుతుంది.

క్లుప్తంగా ఆ సమాధానం ఇది: బాక్స్‌లోని చిప్ ఇప్పటికే ఆటలకు తగినంత శక్తిని సంతరించుకుంది. కన్సోల్‌కు ప్రాణమైన మిగతా వ్యవస్థ మాత్రం దాని వెనుక ఏర్పడలేదు.

సినిమా వేరు, ఆట వేరు

4కె సినిమాను ఏ అంతరాయమూ లేకుండా చూపించే బాక్స్ ఒక మోస్తరు కారు పందెం ఆట దగ్గర ఎందుకు తడబడుతుందన్నది చాలామందికి కలిగే సందేహం. సినిమాలోని దృశ్యాలన్నీ ముందే సిద్ధమై, కుదించిన రూపంలో బాక్స్‌కు చేరతాయి. వాటిని విప్పి తెరపై చూపడమే బాక్స్ పని. ఇందుకోసం చిప్‌లో ప్రత్యేకమైన భాగం ఉంటుంది. అది అతి తక్కువ విద్యుత్తుతో ఆ ఒక్క పనినీ సమర్థంగా చేస్తుంది.

ఆటలో ముందుగా సిద్ధమైన దృశ్యం ఏదీ ఉండదు. ఆడేవారు మీట నొక్కిన దాన్నిబట్టి వెలుగు, నీడ, కదలిక, దూరం అన్నీ లెక్కించి ప్రతి దృశ్యాన్నీ అప్పటికప్పుడు గీయాలి. సెకనుకు 60 దృశ్యాలు కావాలంటే ఒక్కోదానికి దక్కే వ్యవధి 16.7 మిల్లీసెకన్లే. ఈ పని గ్రాఫిక్స్ ప్రాసెసర్‌ది. దానికి వేగవంతమైన మెమరీ కావాలి, విద్యుత్తు కావాలి, పుట్టే వేడి బయటకు పోయే దారి కావాలి.

ఇక్కడే అంతరం స్పష్టమవుతుంది. ఎంఐ బాక్స్ 4కెలో 2 జీబీ ర్యామ్, 8 జీబీ నిల్వ సామర్థ్యం ఉన్నాయి. ప్లేస్టేషన్ 5లో 16 జీబీ మెమరీ, 825 జీబీ వేగవంతమైన ఎస్ఎస్‌డీ ఉన్నాయి. దాని మెమరీ సెకనుకు 448 జీబీ సమాచారాన్ని అందించగలదు. స్టిక్ తరహా పరికరాలకు 5 వాట్ల అడాప్టర్ సరిపోతుంది. పెద్ద ఆట నడుస్తున్నప్పుడు ప్లేస్టేషన్ 5 సుమారు 200 వాట్లు వాడుకుంటుంది. ఖర్చయిన విద్యుత్తంతా చివరకు వేడిగా మారుతుంది. కన్సోల్ అంత పెద్దదిగా ఉండటానికి అందులోని ఫ్యాను, లోహపు రెక్కలే ప్రధాన కారణం. టీవీ వెనుక వేలాడే స్టిక్‌లో ఫ్యానుకు చోటు లేదు. వేడి పెరిగినప్పుడు చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆట మొదటి పది నిమిషాలు సాఫీగా సాగి ఆపై నెమ్మదించడానికి తరచూ ఇదే కారణం.

నిల్వ సామర్థ్యం మరో పరిమితి. నేటి పెద్ద కన్సోల్ ఆటల్లో కొన్ని 100 జీబీని మించిపోతున్నాయి. 8 జీబీ బాక్స్‌లో ఆపరేటింగ్ సిస్టమ్, వీడియో యాప్‌లు పోగా మిగిలే చోటులో చిన్న ఆటలే పడతాయి.

ఒకే చిప్, రెండు గతులు

ఈ అంకెలు చూసి శక్తి చాలకనే బాక్స్ వెనుకబడిందని తేల్చేయడం మాత్రం తొందరపాటే అవుతుంది. అందుకు నిదర్శనం ఎన్‌విడియా షీల్డ్. 2015 మే నెలలో అమెరికాలో 199 డాలర్లకు విడుదలైన ఈ ఆండ్రాయిడ్ టీవీ బాక్స్‌లో టెగ్రా ఎక్స్1 అనే చిప్, 3 జీబీ ర్యామ్ ఉన్నాయి. దానితోపాటు గేమ్ కంట్రోలర్ కూడా ఇచ్చారు. హాఫ్ లైఫ్ 2, డూమ్ 3 వంటి పేరున్న కంప్యూటర్ ఆటలను దానికి అనువుగా మలిచారు.

రెండేళ్లు తిరగకుండానే, 2017 మార్చి 3న నింటెండో స్విచ్ వచ్చింది. అందులోని చిప్ కూడా టెగ్రా ఎక్స్1 కుటుంబానిదే. బ్యాటరీ, వేడి దృష్ట్యా దాని గ్రాఫిక్స్ భాగాన్ని షీల్డ్‌లో కంటే తక్కువ వేగంతోనే నడిపారు. అయినా స్విచ్ ప్రపంచవ్యాప్తంగా 15 కోట్లకు పైగా అమ్ముడై, చరిత్రలో అత్యధికంగా అమ్ముడైన కన్సోళ్ల సరసన చేరింది. షీల్డ్ నాణ్యమైన వీడియో బాక్స్‌గా మన్నన పొందినా కన్సోల్‌గా నిలదొక్కుకోలేదు.

చిప్ ఒకటే అయినప్పుడు తేడా మరెక్కడో ఉండాలి. స్విచ్ విడుదలైన రోజునే ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ దానితోపాటు వచ్చింది. ఆ ఒక్క ఆట కోసమే యంత్రాన్ని కొన్నవారు ఎందరో. ఆపై కొత్త ఆటల రాక ఏళ్ల తరబడి ఆగలేదు. కోట్లాది స్విచ్‌లన్నింటిలోనూ చిప్, మెమరీ, మీటలు దాదాపు ఒకే తీరుగా ఉండటంతో ఆటను తయారుచేసేవారు చివరి చుక్క వరకు దాని శక్తిని పిండుకోగలిగారు. ఆండ్రాయిడ్ బాక్సుల్లో డజన్ల కొద్దీ చిప్‌లు, వేర్వేరు మెమరీలు. అన్నింటిలోనూ నడవాలంటే అన్నింటికన్నా బలహీనమైన బాక్స్‌ను దృష్టిలో ఉంచుకొనే ఆటను తయారుచేయక తప్పదు. ఇంజిన్ ఎంత బలమైనదైనా పట్టాలు, సిగ్నళ్లు, సరుకు లేకుండా రైలు మార్గం కాదన్నది ఖరగ్‌పూర్‌కు కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు.

దశాబ్దపు ప్రయత్నాలు

షీల్డ్ ఒంటరి ఉదాహరణ కాదు. 2012 జూలైలో ఊయా అనే 99 డాలర్ల ఆండ్రాయిడ్ కన్సోల్ ప్రతిపాదనకు కిక్‌స్టార్టర్ వేదికపై 63 వేల మందికి పైగా మద్దతు పలికారు. దాదాపు 86 లక్షల డాలర్లు సమకూరాయి. 2013 జూన్‌లో అది దుకాణాలకు చేరింది. రెండేళ్లకే దాని సాఫ్ట్‌వేర్ ఆస్తులు రేజర్ సంస్థ చేతికి వెళ్లాయి. 2019 జూన్ 25న సేవలు నిలిచిపోయాయి. ఊయాపై వచ్చిన ఆటల్లో అధికభాగం ఫోన్లలోనో కంప్యూటర్లలోనో కూడా దొరికేవే కావడంతో ప్రత్యేకంగా దాన్ని కొనడానికి కారణం మిగలలేదు.

2014 ఏప్రిల్‌లో అమెజాన్ తన తొలి ఫైర్ టీవీని 99 డాలర్లకు తెచ్చింది. గేమ్ కంట్రోలర్‌ను విడిగా 39.99 డాలర్లకు అమ్మింది. దాని కోసం ప్రత్యేకంగా ఆటలు కూడా రూపొందించింది. అదే ఏడాది గూగుల్, ఆసుస్ కలిసి తెచ్చిన నెక్సస్ ప్లేయర్ సైతం కంట్రోలర్‌ను విడి వస్తువుగానే ఉంచింది. 2016లో ఆ బాక్స్ అమ్మకాలు ఆగిపోయాయి.

ఆపిల్ అనుభవం మరింత ఆసక్తికరం. 2015 సెప్టెంబరులో ప్రకటించిన నాలుగో తరం ఆపిల్ టీవీలో తొలిసారి యాప్ దుకాణం వచ్చింది. కానీ ప్రతి ఆటా ఆ బాక్స్‌తో వచ్చే చిన్న రిమోట్‌తో కూడా ఆడగలిగేలా ఉండాలని నిబంధన పెట్టారు. రెండు చేతులతో, పదికి పైగా మీటలతో ఆడవలసిన ఆటలకు ఇది తలుపు మూసినట్టయింది. 2016 జూన్‌లో నిబంధనను సడలించారు. యాప్ తొలి పరిమాణంపై ఉన్న 200 ఎంబీ పరిమితిని 2017 జనవరిలో 4 జీబీకి పెంచారు. 2019లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్లు పనిచేసే వీలు కల్పించారు. ఆ సెప్టెంబరులోనే ఆపిల్ ఆర్కేడ్ సేవ భారత్‌లో నెలకు రూ.99కి మొదలైంది.

ఆంక్షలు ఒక్కొక్కటిగా తొలగినా పెద్ద ఆటలు మాత్రం రాలేదు. 2016 డిసెంబరులో ఆపిల్ టీవీపైకి వచ్చిన మైన్‌క్రాఫ్ట్‌కు 2018లో కొత్త మార్పులు ఇవ్వడం మానేశారు. ఎక్కువమంది ఆడే వేదికలపైనే దృష్టి పెట్టదలచామన్నది తయారీదారుల వివరణ. 2023లో రెసిడెంట్ ఈవిల్ విలేజ్ వంటి కన్సోల్ స్థాయి ఆట ఐఫోన్ 15 ప్రోలోకి వచ్చింది. టీవీ తెరపై ఆడేందుకే పుట్టిన ఆ ఆట అదే సంస్థ టీవీ బాక్స్‌పైకి మాత్రం రాలేదు.

నష్టం భరించేది ఎవరు?

ఈ వైఫల్యాల వెనుక ఒక ఆర్థిక సూత్రం ఉంది. కన్సోల్ సంస్థ తరచూ యంత్రంపై లాభం ఆశించదు. ఎక్స్‌బాక్స్ కన్సోళ్ల అమ్మకంపై తాము ఏనాడూ లాభం పొందలేదని మైక్రోసాఫ్ట్ ప్రతినిధి 2021 మే నెలలో అమెరికా కోర్టులో వాంగ్మూలమిచ్చారు. యంత్రంపై పోయినదాన్ని ఆటల అమ్మకంలో వాటా ద్వారా, చందాల ద్వారా ఏళ్ల తరబడి రాబట్టుకుంటారు. ఆ ధీమాతోనే వందల కోట్ల రూపాయలు వెచ్చించి సొంత ఆటలు తయారుచేయిస్తారు.

టీవీ బాక్స్ తయారీదారు లెక్క వేరు. అతడికి ఆదాయం వీడియో చందాల నుంచి, ప్రకటనల నుంచి, లేదా బాక్స్ ధరలో మిగిలే కాస్త లాభం నుంచి వస్తుంది. కంట్రోలర్ చేర్చినా, ర్యామ్ పెంచినా, ఫ్యాను పెట్టినా ధర పెరుగుతుంది. సినిమాల కోసం కొనేవారికి ఆ అదనపు ధర అనవసరం. అందుకే కంట్రోలర్ విడి వస్తువుగానే మిగిలిపోతుంది. అది పదిమందిలో ఒకరి దగ్గరే ఉంటే, ఆటల తయారీదారు ఆ ఒక్కరి కోసం పెట్టుబడి పెట్టడు. ఆటలు లేకపోతే మిగతా తొమ్మిదిమంది కంట్రోలర్ కొనరు. ఈ వలయాన్ని ఛేదించడానికి ఎవరో ఒకరు ముందుగా నష్టానికి సిద్ధపడాలి.

బాక్సులను ఇళ్లకు చేర్చినంత మాత్రానా ఈ చిక్కు వీడదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, నెలకు రూ.149కే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అందిస్తామని ప్రకటించి లక్షల ఇళ్లకు ఐపీటీవీ బాక్సులను చేర్చింది. ఛానళ్లు చేర్చడమే ఆ పథకం లక్ష్యం కనుక ఆటల తయారీదారులకు అది వేదిక కాలేదు. మరోవైపు జియో తన సెట్‌టాప్ బాక్స్‌లో ఆటల విభాగాన్ని పెట్టి, ప్రత్యేక యాప్ ద్వారా ఫోన్‌నే కంట్రోలర్‌గా వాడుకొనే మార్గం చూపింది. విడిగా కంట్రోలర్ కొనే భారం ఇందువల్ల తప్పుతుంది. చూపు తెరపై ఉండగా వేలికి తగిలే మీట లేకపోవడం మాత్రం వేగవంతమైన ఆటల్లో లోపమే.

దూరంలో కన్సోల్, ఇంట్లో తెర

బాక్స్ బలహీనతను దాటడానికి పరిశ్రమ కనుగొన్న దారి క్లౌడ్ గేమింగ్. ఆట ఎక్కడో ఉన్న సర్వర్‌లో నడుస్తుంది. అక్కడ గీసిన దృశ్యాలు వీడియోగా ఇంటికి వస్తాయి. వీడియో చూపడం బాక్స్‌కు బాగా తెలిసిన పనే. మీట నొక్కిన సమాచారం మాత్రం ఇంటి నుంచి సర్వర్‌కు వెళ్తుంది.

2019 మార్చి 19న శాన్‌ఫ్రాన్సిస్కోలో పిచాయ్ స్వయంగా వేదికెక్కి పరిచయం చేసిన స్టేడియా ఈ సూత్రంపైనే పనిచేసింది. అదే ఏడాది నవంబరులో కొన్ని దేశాల్లో ప్రారంభమైంది. భారత్‌కు రాలేదు. 2021 ఫిబ్రవరిలో తన సొంత ఆటల స్టూడియోలను మూసివేస్తున్నట్టు గూగుల్ ప్రకటించింది. 2023 జనవరి 18న సేవ మొత్తం నిలిచిపోయింది. తన దుకాణంలో కొన్న పరికరాలకు, ఆటలకు గూగుల్ సొమ్ము తిరిగి చెల్లించింది. సాంకేతికంగా స్టేడియా పనిచేసింది. తగినన్ని ఆటలు, తగినంతమంది ఆటగాళ్లు మాత్రం సమకూరలేదు.

భారతీయ పట్టణాలకు దూరం మరో సమస్య. కాంతి గాజు తీగలో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. 2000లో ఏర్పడిన రైల్‌టెల్ సంస్థ రైలు పట్టాల వెంబడే ఆప్టికల్ ఫైబర్ పరిచింది. సర్వర్ ముంబైలో ఉండి, తీగ పట్టాల వెంబడే సాగిందనుకుంటే ఖరగ్‌పూర్ నుంచి దూరం సుమారు 1,850 కిలోమీటర్లు. పోయిరావడానికి కాంతికే 18 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. అంటే ఒక దృశ్యం కాలం అక్కడే గడిచిపోతుంది. దారిలోని రూటర్లు, వీడియోను కుదించడం, విప్పడం, టీవీ సొంత ఆలస్యం దానికి తోడవుతాయి. చదరంగానికి, పేకాటకు ఈ జాప్యం లెక్కలోకి రాదు. బంతి పడిన క్షణాన్ని చూసి బ్యాటు తిప్పవలసిన క్రికెట్ ఆటలో అదే గెలుపోటములను నిర్ణయిస్తుంది.

డేటా వాడకమూ తక్కువేమీ కాదు. 4కె నాణ్యతకు స్టేడియా సూచించిన వేగం 35 ఎంబీపీఎస్. ఆ లెక్కన గంటకు దాదాపు 16 జీబీ ఖర్చవుతుంది. 10 ఎంబీపీఎస్ వద్ద కూడా గంటకు నాలుగున్నర జీబీ. పరిమితి లేని ఫైబర్ కనెక్షన్‌కు ఇది భారం కాదు. రోజుకు ఒకటి రెండు జీబీలతో సరిపెట్టుకొనే మొబైల్ ప్యాక్‌తో టీవీ నడిపే ఇంటికి ఇది అందని పండు.

అయినా ఈ దారిని పరిశ్రమ విడిచిపెట్టలేదు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజర్డ్ కొనుగోలును పూర్తిచేసింది. 2022లో ప్రకటించినప్పుడు ఆ ఒప్పందం విలువ 6,870 కోట్ల డాలర్లు. అదే సంస్థ ఎక్స్‌బాక్స్ యాప్‌ను 2022లో శాంసంగ్ టీవీల్లోకి, 2024 జూలైలో కొన్ని ఫైర్ టీవీ స్టిక్‌లలోకి తెచ్చింది. ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ 2025 నవంబరులో భారత్‌లోనూ మొదలైంది. స్టేడియాకు లేని ఆటల భాండాగారం, ఏళ్లుగా చందా కడుతున్న ఆటగాళ్లు మైక్రోసాఫ్ట్‌కు ఉండటమే ఇక్కడి తేడా.

కొనేముందు తెలుసుకోవలసినవి

చిన్నపిల్లల ఆటలు, క్విజ్‌లు, పజిళ్లు, పది నిమిషాల సరదా పందేలకు పేరున్న సంస్థల బాక్స్ సరిపోతుంది. బ్లూటూత్ కంట్రోలర్ పనిచేస్తుందా, ర్యామ్ 2 జీబీకి మించి ఉందా, నిల్వ సామర్థ్యం ఎంత అన్నవి ముందుగా చూసుకోవాలి. క్లౌడ్ సేవకు చందా కట్టేవారు బాక్స్‌ను రూటర్‌కు నేరుగా తీగతో కలపగలిగితే, టీవీలో గేమ్ మోడ్ ఎంచుకుంటే జాప్యం కొంత తగ్గుతుంది. ఏడాది చందా కట్టడానికి ముందు ఒక నెల ప్రయత్నించి చూడటం క్షేమం.

వేలాది ఆటలు ముందే నింపి ఉన్నాయంటూ తక్కువ ధరకు అమ్మే ఊరూపేరూ లేని బాక్సుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. వాటిలో సాధారణంగా ఉండేవి దశాబ్దాల నాటి ఆటల అనుమతి లేని నకళ్లు. అంతకంటే పెద్ద ప్రమాదం భద్రతకు సంబంధించినది. కొన్ని ఆండ్రాయిడ్ బాక్సుల్లో తయారీ దశలోనే హానికర సాఫ్ట్‌వేర్ చేరుతోందని, ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ అనే ఈ జాలం ఇంటి ఇంటర్నెట్‌ను నేరగాళ్లు వాడుకొనేందుకు దారి తెరుస్తోందని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరించింది. కోటికి పైగా పరికరాలు దీని బారిన పడ్డాయంటూ మరుసటి నెలలో గూగుల్ న్యూయార్క్ కోర్టును ఆశ్రయించింది. గూగుల్ ధ్రువీకరణ లేని బాక్సులే ఇందులో చిక్కుకున్నవి. అదే బాక్స్‌లో బ్యాంకు ఖాతాతో ముడిపడిన ఈమెయిల్ తెరిస్తే, మిగిలిందనుకున్న సొమ్ముకు మించిన నష్టం జరగవచ్చు.

టీవీ బాక్స్ నిజమైన కన్సోల్‌గా మారే రోజు రాదని చెప్పలేం. ఫోన్ చిప్‌ల శక్తి ఏటా పెరుగుతోంది, ఆ చిప్‌లే కొన్నేళ్లకు బాక్సుల్లోకి వస్తున్నాయి. ఆ మార్పు వచ్చిందనడానికి గుర్తులు మాత్రం చిప్ పేరులో కనిపించవు. బాక్స్‌తోపాటే కంట్రోలర్ ఇస్తున్నారా, ఆ బాక్స్ కోసమే పెద్ద ఆటలు తయారవుతున్నాయా, కనీసం అయిదేళ్లు దాన్ని విడిచిపెట్టబోమని సంస్థ మాట ఇస్తోందా అన్న మూడు ప్రశ్నలకు ఔనన్న జవాబు వచ్చినప్పుడే ఆ బాక్స్‌ను కన్సోల్‌గా లెక్కించవచ్చు. అంతవరకు దాన్ని ఆటలు కూడా ఆడగల వీడియో పరికరంగా భావించి, ఆ మేరకే ఖర్చు చేయడం మేలు.